పుష్పకైంకర్యము – ఇంటి ముంగిలి

శ్రీవైష్ణవ సంప్రదాయమున పుష్పకైంకర్యమునకు గల స్థానము విశిష్టమైనది. పన్నిద్దరాళ్వార్లలో ఇరువురు తోటమాలులు. శ్రీరంగమున తొండరడిప్పొడి ఆళ్వారు, శ్రీవిల్లిపుత్తూరున పెరియాళ్వారు స్వహస్తములతో పాదులు త్రవ్వి, నీరు మోసి, మాలలు కట్టి పెరుమాళ్ళకు సమర్పించిరి. పాండ్యరాజసభలో పరతత్త్వమును నిర్ణయించి గజారోహణ సన్మానమందిన పెరియాళ్వారు ఆ వైభవము ముగియగనే మరల తన తోటకే చేరెను. గోదాదేవి లభించినదియు ఆ తులసీవనముననే. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో తెనుగువారికందించినది ఈ తోటమాలి ఇంటి కథయే.

తిరుమలలో ఈ సేవ అనంతాళ్వారులది. భగవద్రామానుజులు శ్రీరంగమున శిష్యులకు తిరువాయ్మొళి వ్యాఖ్యానించుచు, వేంకటాచలమున నివసించి శ్రీనివాసునకు పూలసేవ చేయువారెవరని ప్రశ్నించిరట. ఆ దినములలో కొండపై చలి, మృగభయము, ఒంటరితనము. సభలో నుండి లేచినవారు అనంతాళ్వారులొక్కరే. ఆయన కొండకు వచ్చి తోట నాటి, దానికి తన ఆచార్యుని పేరే పెట్టిరి. చెరువు త్రవ్వునపుడు గర్భవతియగు భార్య మట్టి మోయుట, బాలుని రూపమున స్వామి తోడ్పడ వచ్చుట, ఆయన విసరిన గునపము స్వామి గడ్డమునకు తగులుట యాత్రికులందరెరిగినదే. మూలమూర్తి గడ్డమున నేటికిని పచ్చకర్పూరము నుంచుటకు కారణము ఇదియేనని చెప్పుదురు.

అంతగా వ్యాప్తిలో లేని గాథ మరియొకటి కలదు. ఒకనాడు అనంతాళ్వారులు మాల కట్టుచుండగా సన్నిధి నుండి పిలుపు వచ్చెను. ఆయన లేవలేదు. మాల ముగించి, దానిని చేతబట్టుకొనియే వెళ్ళిరి. ఆలస్యమునకు కినిసిన స్వామి కొండ విడిచి పొమ్మనగా, తన్నిచటికి పంపినవారు ఆచార్యులనియు, పంపినది పూలపని కొరకే యనియు, స్వామియు తనవలెనే మరియొక చోటు నుండి వచ్చి ఈ కొండపై నిలిచినవాడే గాన పొమ్మనుటకు అధికారము లేదనియు ఆయన బదులు చెప్పెనట. ఇది ధిక్కారముగ తోచవచ్చును. కాని పూలు సిద్ధము చేయుట పూజకు ముందు జరుగు చిన్నపని కాదనియు, అదియే పూజ యనియు ఆయన ఎరిగిన విషయము. ప్రొద్దుననే మొక్కలకు నీరు పోయుచు స్తోత్రపఠనమునకు కూర్చుండలేకపోతినని నొచ్చుకొను గృహిణి ఈ గాథను తలచుకొనవలెను.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు తిరుమలేశునికి దూరమైనవి కావు. ఈ పడమటి సీమ మెట్టనేల. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. ఎండలు కొంత తక్కువ, నీటికి మాత్రము ఎప్పుడును కటకటయే. మూడు రాష్ట్రముల కూడలియగు కుప్పమున పూలసాగు కలదు. ఇచ్చటి చామంతి కన్నడిగునకు సేవంతిగె, తమిళునకు సామంది. అయినను పట్టణములందు మిద్దెలు పెరిగి పెరళ్ళు తరిగిన పిమ్మట, నిత్యపూజకు పువ్వు దొరకుట కష్టమగుచున్నది.

అందుచే ఒక దురభ్యాసము ప్రబలినది. తెల్లవారకమునుపే సజ్జ చేతబట్టి, పొరుగువారి ప్రహరీపై వ్రాలిన కొమ్మను వంచి పూలు కోసికొనువారు ప్రతి వీధియందును కలరు. వీరిలో పలువురు నిష్ఠాపరులే! దేవునికే గదా యన్నది వారి సమాధానము. ఆ మొక్కకు నీరు పోసిన ఇల్లాలు లేచి చూచునప్పటికి తన పూజకు పువ్వు మిగులదు. అడిగి కోసిన నాలుగు పూలు చాలును. అడుగక కోసిన బుట్టెడు పూలు సమర్పణ యెట్లగును? గీతయందు భగవానుడు పువ్వుతోపాటు ఆకును, నీటిని సైతము చాలునన్నాడు. పువ్వు లేనినాడు తులసిదళమొక్కటి సరిపోవును.

ఆ తులసి కుండీలోనే పెరుగును. అయితే పలు ఇండ్లలో అది ఎండిపోవుట, దానిని అపశకునముగ తలచి కుటుంబమంతయు దిగులుపడుట కద్దు. కోడలు వచ్చిన వేళను నిందించిన సందర్భములును లేకపోలేదు. దోషము కోడలిది కాదు, కుండీది. అడుగున రంధ్రము లేని తొట్టిలో ఇంటిల్లిపాది తలకొక చెంబు నీరు పోసి, పైగా పాలు, పసుపునీళ్ళు వంపిన యెడల వేరు ఊపిరాడక కుళ్ళును. రంధ్రముపై పెంకుముక్క నుంచి, రెండుపాళ్ళు ఎర్రమన్ను, ఒకపాలు ఇసుక, ఒకపాలు బాగుగ మాగిన పశువుల ఎరువు కలిపి నింపవలెను. పుంగనూరు పొట్టి ఆవును పోషించు ఇండ్లవారికి ఆ ఎరువు వాకిటనే దొరకును. వ్రేలితో తాకి మన్ను పొడిగనున్నప్పుడే నీరు పోయవలెను. వెన్నులను అప్పుడప్పుడు త్రుంచినగాని మొక్క గుబురెక్కదు. మార్గశిర పుష్యముల చలికి ఆకు రాలుట సహజము, దానికి భయపడనక్కరలేదు.

ద్వాదశినాడును, సంధ్య దాటిన పిదపను తులసిని కోయరు, గోటితో గిల్లరు. ముందునాడు కోసిన తులసికి పర్యుషితదోషము లేదు గనుక ఏకాదశినాడే కోసి యుంచుకొందురు.

మల్లెను పుష్యమాసమున కత్తిరించి, కొన్నాళ్ళు నీరు తగ్గించిన యెడల వేసవికి విరగబూయును. చామంతి పిలకలు, మరువపు కొమ్మలు పాత నూనెడబ్బాలోనైనను నాటుకొనును. నందివర్ధనమునకు కొంచెము పెద్ద తొట్టి కావలెను. గన్నేరుపాలు విషము; చిన్నపిల్లలున్న ఇంట దానిని కుండీలో పెంచకుండుట మేలు. ఇక నీటి విషయము: బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు మొక్కలకు చక్కగ పనికివచ్చును. సబ్బునీరు మాత్రము తులసిపాదున పోయరాదు.

నిర్మాల్యమును వీధిలో పారవేయుట తగదు. తిరుమలలో శ్రీవారికి సమర్పించిన పూలను ఎవరికిని ఈయక పూలబావిలో విడుచు ఆచారముండెడిది. ఇటీవల, 2021 నుండి, దేవస్థానము ఆలయములలో వినియోగించిన పూలతో అగరుబత్తులు చేయించుచున్నది. ఇంటిలోనైనచో నిర్మాల్యమును ఒక పాతకుండలో మన్నుతో పొరలు పొరలుగా వేసి మూతపెట్టిన, కొన్ని నెలలలో అది మెత్తని ఎరువగును. దానిని ఆ మల్లెకే, ఆ చామంతికే వేయవచ్చును. ఎవరును త్రొక్కని చోటికి అది చేరును.

అనంతాళ్వారుల తోట తిరుమలలో నేటికిని కలదు. బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు శ్రీవారు అప్రదక్షిణముగ బయలుదేరి, బాగ్‌సవారి పేర ఆ తోటకు వేంచేయుదురు.