ఓడకు పేరు, దండుకు పేరు

అంతరిక్ష వ్యూహక్రీడల్లో పేరు దేనికి పెడతారన్నది ఆట ఆటకూ మారుతుంది. 1993లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్‌లో ఆటగాడు పేరు పెట్టేది ఓడకు కాదు, ఓడ నమూనాకు. ఒకేసారి ఆరు నమూనాలకే చోటు. ఆ నమూనాలో కట్టినవి పదైనా వెయ్యైనా తెర మీద కనిపించేది ఒక్క బొమ్మ, దాని పక్కన ఒక అంకె. 2008 నాటి సిన్స్ ఆఫ్ ఎ సోలార్ ఎంపైర్‌లో పెద్ద ఓడలకు విడివిడిగా పేర్లుంటాయి. వాటి వెంట నడిచే ఫ్రిగేట్లకు తరగతి పేరే గతి. 2003లో మొదలైన ఈవ్ ఆన్‌లైన్‌లో ప్రతి ఓడకూ దాన్ని నడిపేవాడు తనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. 2016 నాటి స్టెలారిస్‌లో ఓడకూ పేరుంటుంది, ఓడల దండుకూ పేరుంటుంది. ఈ తేడాలన్నీ ఆట తయారుచేసినవాళ్ల సౌకర్యం కోసం వచ్చినవే. అయినా వాటి అడుగున ఒక పాత ప్రశ్న ఉంది: పేరు వస్తువును ఆశ్రయించి నిలుస్తుందా, పెట్టినవాడి సంకల్పాన్ని ఆశ్రయించా? భారతీయ వ్యాకరణమూ తర్కమూ శతాబ్దాల తరబడి వాదించుకున్న విషయాల్లో ఇదొకటి.

మాటలు నాలుగు రకాలని మహాభాష్యంలో పతంజలి విభజించాడు. ఆవు అన్నది జాతిని చెప్పే మాట, తెల్లనిది అన్నది గుణాన్ని, కదిలేది అన్నది క్రియను. నాలుగోది యదృచ్ఛా శబ్దం. జాతితో, గుణంతో, క్రియతో పని లేకుండా ఎవరో తోచినట్టు పెట్టిన పేరు అది. శాస్త్రగ్రంథాల్లో దానికి ఆనవాయితీగా వచ్చే ఉదాహరణ డిత్థుడు. ఆటల్లోని ఓడల పేర్లను ఈ నాలుగు గదుల్లోనూ సర్దవచ్చు. డిస్ట్రాయర్ అన్నది పుట్టుకతో క్రియావాచకమే, వాడుకలో జాతివాచకమైపోయింది. శౌర్యాన్నో అజేయత్వాన్నో చెప్పే పేర్లు గుణవాచకాలు. స్టెలారిస్‌లో కొత్త ఓడ కట్టగానే ఆటగాడి జాతి ప్రాణుల కోసం ముందే రాసిపెట్టిన జాబితాలోంచి యంత్రం ఒక పేరు తీసి తగిలిస్తుంది. ఇది యదృచ్ఛకు దగ్గరగా కనిపిస్తుంది గానీ సరిగ్గా అది కాదు. డిత్థుడికి ఆ పేరు పెట్టాలని ఎవరో ఒకరికి బుద్ధిపుట్టింది. ఈ ఓడకు ఈ పేరు ఉండాలని ఎవరూ అనుకోలేదు. అందుకే ఆటగాళ్లలో చాలామందికి తమ ఓడల పేర్లు తెలియవు. ఓడ పోయాక కూడా తెలుసుకోరు.

మాట జాతిని చెబుతుందా, వ్యక్తినా అన్నది రెండో తగవు. వ్యాడి అనే ప్రాచీన వైయాకరణుడు మాటకు అర్థం ద్రవ్యం, అంటే ఎదుటనున్న ఒక్కొక్క వస్తువు అన్నాడు. వాజప్యాయనుడు ఆకృతి, అంటే ఆ వస్తువులన్నిటికీ ఉమ్మడైన రూపం అన్నాడు. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు ఆకృతి వైపే నిలిచారు. తార్కికులైన నైయాయికులు వ్యక్తి, ఆకృతి, జాతి మూడూ కలిసి అర్థమని సర్దుబాటు చేశారు. మాస్టర్ ఆఫ్ ఓరియన్ వాజప్యాయనుడి పక్షాన్ని మొండిగా పట్టుకున్న ఆట. అందులో ఏడో నమూనా గీయాలంటే పాతవాటిలో ఒకదాన్ని కొట్టేయాలి. కొట్టేయగానే ఆ నమూనాలో కట్టిన ఓడలన్నీ, అవి ఎన్ని నక్షత్రాల దగ్గర కాపలా కాస్తున్నా సరే, ఒక్కసారిగా మాయమవుతాయి. ఈ దృశ్యం చూస్తే నైయాయికుడికి నోట మాట రాదు. అతని లెక్కలో జాతి నిత్యం, వ్యక్తులు పుట్టి గిట్టేవి. ఆవులన్నీ చచ్చినా గోత్వానికి చావు లేదు. ఇక్కడ గోత్వాన్ని రద్దు చేస్తే ఆవులు చచ్చిపోతున్నాయి. సిన్స్ ఆఫ్ ఎ సోలార్ ఎంపైర్ మధ్యేమార్గం పట్టింది. యుద్ధంలో అనుభవం గడించి మెట్టు మెట్టుగా పైకెక్కే ఓడకే సొంత పేరు. అనుభవం అంటని ఓడను తరగతి పేరుతో పిలిస్తే చాలు. చరిత్ర ఉన్నదే వ్యక్తి అన్న సిద్ధాంతం ఇది. శాస్త్రాల్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పకపోయినా అర్థం చేసుకోదగ్గదే.

అసలు పేరుకు అర్థాన్నిచ్చే శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో, ఫలానా మాట వల్ల ఫలానా అర్థం తెలియాలన్న ఈశ్వర సంకేతమే శక్తి అని నిర్వచించాడు. ఆవు, కుండ వంటి మాటలకు ఇది చెల్లుతుంది. నిన్న పుట్టిన బిడ్డకు ఇవాళ పెట్టిన పేరు మాటేమిటి? సృష్టి మొదట్లోనే ఈశ్వరుడు ఆ పేరును తలిచాడనడం కష్టం. న్యాయసిద్ధాంతముక్తావళిలో విశ్వనాథ పంచాననుడు దీనికి చక్కటి దారి చూపాడు. పదకొండో రోజున తండ్రి బిడ్డకు పేరు పెట్టాలని శ్రుతి విధించింది కాబట్టి, తండ్రి పెట్టబోయే ఏ పేరైనా ఈశ్వరేచ్ఛలో ముందే ఇమిడి ఉంది. కొత్త తరం నైయాయికులైన నవ్యులు ఇంకో అడుగు ముందుకేసి, ఈశ్వరుడిదే కానక్కర్లేదు, ఎవరి ఇచ్ఛ అయినా శక్తేనన్నారు.

ఓడకు పేరు పెట్టే ఆటగాడికి ఏ విధివాక్యమూ లేదు, పదకొండో రోజూ లేదు. అతనికి మిగిలేది నవ్యుల మతమే. ఆ మతం ఎంత దూరం పనిచేస్తుందో ఈవ్ ఆన్‌లైన్‌లో ఒక ఓడ చూపించింది. ఆ ఆటలో టైటాన్లన్నవి అన్నిటికన్నా పెద్ద ఓడలు. 2006లో ఒక ఆటగాళ్ల కూటమి మొట్టమొదటి టైటాన్‌ను కట్టింది. దాని తరగతి పేరు అవతార్, మతసామ్రాజ్యమైన అమార్‌కు చెందిన ఓడ. అంత గంభీరమైన తరగతిలో పుట్టిన ఆ ఓడకు పెట్టిన పేరు స్టీవ్. మన వీధిలో సుబ్బారావు అన్నట్టు. అదే ఏడాది డిసెంబరులో శత్రువులు దాన్ని కూల్చారు. దాని శకలాన్ని ఆట నిర్వాహకులు అక్కడే శాశ్వతంగా ఉంచేశారు, ఇప్పటికీ జనం వెళ్లి చూసి వస్తుంటారు. 2014 జనవరిలో బి-ఆర్5ఆర్‌బి అనే చోట జరిగిన యుద్ధంలో 75 టైటాన్లు కూలాయి. వాటికీ పేర్లుండే ఉంటాయి. లోకం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆ అంకెను. పెట్టినవాడి ఇచ్ఛ పేరును పుట్టిస్తుంది. అది నిలవాలంటే విన్నవాళ్లు పదే పదే అనాలి. ముక్తావళి చర్చ మొదటి సగంతోనే ఆగిపోయింది.

ఈవ్ ఆన్‌లైన్‌లోనే పేరుకు ఇంకో ముఖం ఉంది. మార్చకపోతే ఓడ పేరులో యజమాని పేరు కూడా కలిసి ఉంటుంది. దూరం నుంచి స్కాన్ చేసే శత్రువుకు ఆ పేరు కనిపిస్తుంది. అందుకే ఒడుపు తెలిసినవాళ్లు ఓడ ఎక్కగానే పేరు మార్చేస్తారు. అభిచారానికి దొరక్కుండా తల్లిదండ్రులకే తెలిసేలా బిడ్డకు గుహ్యనామం పెట్టమన్న గృహ్యసూత్రాల జాగ్రత్త ఇక్కడ అచ్చంగా అక్కరకొస్తోంది.

ఇక ఓడ మారిపోతే పేరు సంగతి. స్టెలారిస్‌లో పాత ఓడను రేవుకు తీసుకెళ్లి ఫిరంగులు, కవచాలు, రియాక్టరు అన్నీ కొత్తవి బిగిస్తారు. బయటికొచ్చే ఓడకు పాత పేరే ఉంటుంది. థీసియస్ ఓడ గురించి ప్లూటార్క్ చెప్పిన చిక్కు ఇదే. న్యాయవైశేషికుల జవాబు కఠినం: బట్టలోంచి ఒక్క దారం లాగినా పాత బట్ట నశించి కొత్త బట్ట పుడుతుంది, ‘ఇది అదే’ అనిపించడం పోలిక వల్ల వచ్చిన భ్రమ. అలాగైతే ఒక ఓడ పేరు నిజానికి వరుసగా చాలా ఓడల పేరు. భారత నౌకాదళంలో దీనికి సాక్ష్యం లాంటి కథ ఒకటుంది. 1961లో సేవలో చేరిన విక్రాంత్ అంతకుముందు బ్రిటన్‌లో సగం కట్టి వదిలేసిన హెర్క్యులిస్. 1997లో విరమించాక దాన్ని విడగొట్టి అమ్మారు. ఆ లోహంలో కొంత 2016లో వచ్చిన బజాజ్ వి మోటారు సైకిళ్లలోకి వెళ్లింది. పేరు, ఆర్11 అన్న సంఖ్య 2022లో కొచ్చిలో సేవలో చేరిన కొత్త విమానవాహక నౌకకు వచ్చాయి. ద్రవ్యం ఒకచోటికి, పేరు ఇంకోచోటికి పోయాయి. విక్రాంత్ ఎక్కడుందని అడిగితే నావికులెవరూ మోటారు సైకిల్ వైపు చూపించరు.

దండు పేరు విషయంలో చిక్కు ఇంకా లోతు. అవయవాల కన్నా వేరుగా అవయవి, అంటే మొత్తం, అనే వస్తువు నిజంగా ఉందని నైయాయికుల పట్టుదల. రథమంటే చక్రాలు, ఇరుసు, నొగల మీద వ్యవహారం కోసం పెట్టిన పేరేనని మిలింద రాజుతో బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పినదాన్ని వాళ్లు ఒప్పుకోరు. అయితే ఆ నైయాయికులు కూడా సేనకూ అడవికీ అవయవి హోదా ఇవ్వలేదు. దూరం నుంచి ఒకటిగా తోచే గుంపులే అవి. కాబట్టి ఓడ దగ్గర తార్కికుడూ బౌద్ధుడూ తగవులాడుకున్నా దండు దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట: ఆ పేరు వెనక వస్తువు లేదు. ఆట నడిచే తీరు చూస్తే ఇది నిజమే. దండును రెండుగా చీల్చవచ్చు, రెండింటిని కలపవచ్చు. కలిపినప్పుడు ఒక పేరు చప్పుడు లేకుండా పోతుంది, ఓడ ఒక్కటీ తగ్గదు. 2018లో స్టెలారిస్‌లో చేరిన ఫ్లీట్ మేనేజర్ దీన్ని ఇంకా తేటగా చూపిస్తుంది. అందులో దండు అంటే ఇన్ని ఈ రకం, ఇన్ని ఆ రకం ఉండాలన్న పట్టిక. యుద్ధంలో సగం ఓడలు పోతే ఒక్క బొత్తాం నొక్కగానే పట్టికలోని ఖాళీలు నింపే పని రేవుల్లో మొదలవుతుంది. దండు పేరు నిలిచేది ఓడల మీద కాదు, ఆజ్ఞ మీద. ఆటగాళ్లు విడి ఓడల పేర్లు పట్టించుకోకుండా దండు పేర్లు మాత్రం శ్రద్ధగా మార్చుకోవడానికి కారణం ఇదే: ఆజ్ఞ ఇచ్చేది వాళ్లు గనక.

చివరిది దేవుళ్ల పేర్ల సంగతి. కూలిపోయే యంత్రానికి దైవనామం పెట్టవచ్చా అన్న శంక కొందరికి ఉంటుంది. తర్కం ప్రకారం దోషం లేదు. సంకేతం ఓడ మీద ఉంది, దేవుడి మీద లేదు. భాగవత షష్ఠస్కంధం వేరే మాట చెబుతుంది. తెలుగులో ఆ స్కంధాన్ని రాసింది పోతన కాదు, సింగన. అందులో అజామిళుడు చావుబతుకుల్లో పిలిచింది నారాయణుడనే తన కొడుకును. అయినా విష్ణుదూతలు వచ్చారు. మరొకరికి సంకేతంగా పెట్టి పిలిచినా, వేళాకోళానికి అన్నా నామం తన పని తాను చేస్తుందని అక్కడి సిద్ధాంతం. తార్కికుడికి పెట్టినవాడి ఇచ్ఛే సర్వం. భక్తుడి లెక్కలో దానికి విలువే లేదు. గమ్మత్తేమిటంటే, నారాయణ అన్న ఓడ కూలితే దేవుడికి అవమానమని ఈ ఇద్దరిలో ఎవరూ అనరు. అవమానమన్న భావం ఇంకెక్కణ్ణుంచో వచ్చింది.

2003 నాటి హోమ్‌వరల్డ్ 2 ఇదే ప్రశ్నను తిరగేసి అడిగింది. అందులో హీగారన్లు సజూక్ అనే సృష్టికర్తను కొలుస్తారు. వాళ్ల శత్రువులైన వేగర్ల నాయకుడు మకాన్ తానే ఆ దేవుడు ఎన్నుకున్నవాణ్ణని చాటుకుంటాడు. కథ చివర్లో సజూక్ అంటే ఒక పురాతన మహానౌక అని తేలుతుంది. మూడు హైపర్‌స్పేస్ కోర్లు ఒకచోట చేరితేనే అది మేలుకుంటుంది. అన్ని తరాలు మొక్కింది దేనికి? తార్కికుడు రెండు అర్థాలున్న ఒక శబ్దమని తేల్చేసి ఊరుకుంటాడు: మొక్కినవాళ్ల సంకేతం సృష్టికర్త మీద, దొరికింది ఓడ. ఆటలో మాత్రం ఎవరూ పేరు మార్చాలనుకోరు. హీగారన్ల సారథి కరాన్ దాన్ని అదే పేరుతో నడిపి యుద్ధం గెలుస్తుంది.