మనిషికి తగిన వేషం

సినిమా చూసి బయటికి వచ్చాక మనం మొట్టమొదట అనే మాట ఏమిటో ఎప్పుడైనా గమనించారా? కథ గురించి కాదు. ఫొటోగ్రఫీ గురించి అసలే కాదు. "ఆ వేషానికి ఆ అమ్మాయి నప్పలేదండీ" అనో, "అబ్బ, ఆ పాత్ర అతని కోసమే పుట్టింది సుమా" అనో అంటాం. ఆటో ఎక్కేలోగా తీర్పు అయిపోతుంది. ఆ తీర్పు మీద మనకున్నంత నమ్మకం హైకోర్టు జడ్జీలకి కూడా ఉండదు.

నవలలు రాసేదాన్ని కనుక నాకీ తీర్పులు కాస్త ముందుగానే అందుతుంటాయి. సీరియల్ నాలుగో వారంలో ఉండగానే "మీ హీరోగా నేను ఫలానా ఆయన్ని ఊహించుకుంటున్నాను, దయచేసి ఆయనకి మీసం పెట్టకండి" అని ఒక పాఠకురాలు రాస్తుంది. మీసం మొదటి వారంలోనే పెట్టేశానని ఆవిడకి ఎలా చెప్పేది?

ఈ "తగడం" అన్న మాట చూడ్డానికి చిన్నదే. పెళ్ళిసంబంధాల దగ్గరా, ఉద్యోగాల దగ్గరా, చీరకి జాకెట్టు గుడ్డ వెతికేటప్పుడూ అదే మాట వాడతాం. కాని చాలా గడుసు మాట. ఎవరికి ఎవరు తగాలి? తగిందని చెప్పడానికి ఎవరు పెద్దలు? ఇది ఆలోచించాలంటే "గాన్ విత్ ది విండ్" సినిమాకి నటీనటుల్ని ఎంచిన తతంగం కంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

మార్గరెట్ మిచెల్ రాసిన ఆ నవల 1936 జూన్ ఆఖర్న వచ్చింది. 1860ల నాటి అమెరికా అంతర్యుద్ధం, జార్జియాలో పత్తితోటల దొరలు, వాళ్ళ బానిసలు, వీళ్ళందరి మధ్యా స్కార్లెట్ ఓహారా అనే మొండిఘటం. జూలైలోనే నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ 50,000 డాలర్లిచ్చి సినిమా హక్కులు కొనేశాడు. అసలు భాగోతం ఆ తర్వాత మొదలైంది. స్కార్లెట్ ఎవరు?

దేశం మీదికి మనుషుల్ని పంపి, ఇంచుమించు 1,400 మంది అమ్మాయిల్ని చూశారు. అందులో 400 మంది చేత డైలాగులు చదివించారు. మన పెళ్ళిచూపులు ఎందుకూ చాలవు! పత్రికలకి రెండేళ్ళపాటు ఇదే మేత. సినిమా ఒక్క అడుగు కూడా తియ్యకుండానే ఊరూరా పేరు పాకిపోయింది.

తీరా ఎన్నికైంది ఎవరయ్యా అంటే, ఆ 1,400 మందిలో లేని పిల్ల. వివియన్ లీ. ఇంగ్లీషు నటి. పుట్టింది మాత్రం మన డార్జిలింగులో, 1913లో. 1938 డిసెంబరు 10 రాత్రి అట్లాంటా నగరం తగలబడే దృశ్యం తీస్తుండగా, నిర్మాతగారి అన్న మైరన్ ఆమెని వెంటబెట్టుకొచ్చి "ఇదుగో నీ స్కార్లెట్" అని చూపించాడని ఒక కథ. ఈ మైరన్ నటీనటులకి ఏజెంటు. అంటే పెళ్ళిళ్ళ పేరయ్య సాక్షాత్తూ పెళ్ళికొడుకు అన్నగారేనన్నమాట! నిజానికి ఆ ఏడాది ఫిబ్రవరి నించే ఆమె పేరు వాళ్ళ దృష్టిలో ఉంది. వేసవిలోనే బేరసారాలు కూడా నడిచాయి. దక్షిణాది పిల్ల వేషం ఇంగ్లీషు పిల్లకేమిటని కొందరు సణిగారు. ఉత్తరాది పిల్ల కన్నా నయమే కదా అని మరికొందరు సర్దుకున్నారు.

సినిమా చూసినవాళ్ళెవరూ వివియన్ లీ తగలేదని అనలేరు. ఆస్కారు కూడా ఆమెకే వచ్చింది. అయితే మరి, ఆ 1,400 మంది మాటేమిటి? ఊరు కాని ఊరు వెళ్ళి, వాళ్ళమ్మ పాత గౌను సరిచేసుకు కట్టుకుని, ఆశగా నిలబడ్డ పిల్ల ఒక్కతైనా వాళ్ళలో ఉండదా? తగిన మనిషి దొరకడం వేరు, వెతికిన పద్ధతి న్యాయంగా ఉండటం వేరు. మనం మొదటిది చూసి రెండోదాన్ని మాఫీ చేసేస్తాం. "కోడలు బంగారం లాంటిది దొరికింది" అని మురిసిపోయే ఇంట్లో, వద్దనుకున్న పన్నెండుమంది పిల్లల ముఖాలు ఎవరికైనా గుర్తుంటాయా?

ఇక మగవాళ్ళ సంగతి. రెట్ బట్లర్‌గా క్లార్క్ గేబుల్ తప్ప మరొకడు వద్దని జనం ముందే తేల్చేశారు. ఆయనకేమో ఆ వేషమంటే బెదురు. ఇంతమంది ఇన్ని రకాలుగా ఊహించుకున్న మనిషిని నేనెక్కడ మెప్పించగలనని. కాని ఆయన ఎం.జి.ఎం. కంపెనీకి కట్టుబడి ఉన్న నటుడు. ఆ కంపెనీ ఆయన్ని అప్పిచ్చి, 12,50,000 డాలర్ల పెట్టుబడి కూడా పెట్టి, లాభంలో సగం వాటా రాయించుకుంది. మనిషిని ఎడ్లజతలా అద్దెకివ్వడం అంటే ఇదే! ఆష్లీ వేషం వేసిన లెస్లీ హోవర్డ్ కథ ఇంకా తమాషా. కథలో ఆష్లీ పాతికేళ్ళ లోపు కుర్రాడు. హోవర్డ్‌కి అప్పటికే 45 దాటాయి. ఈ వయసులో నాకిదేం వేషమని ఆయనే విసుక్కున్నాడు. ఇంకో సినిమాకి నిర్మాణంలో భాగం ఇస్తామంటే ఒప్పుకున్నాడు.

వీళ్ళిద్దరికీ వేషం ఇష్టం లేదు. అయినా డబ్బు బాగా ముట్టింది. గేబుల్ 71 రోజులు పనిచేసి లక్షా ఇరవై వేల డాలర్లు తీసుకుంటే, వివియన్ లీ 125 రోజులు పనిచేసి పాతికవేలు తీసుకుంది. ఈ లెక్క చూసి ఏ ఇల్లాలూ ఆశ్చర్యపోదనుకోండి.

ఇక్కడే నాకొక సందేహం వచ్చింది. వేషానికి మనిషి తగిందా అని అందరం అడుగుతాం. మనిషికి ఆ వేషం తగిందా అని ఒక్కరమైనా అడుగుతున్నామా?

ఆ సినిమాలో స్కార్లెట్‌ని పెంచిన నల్లావిడ ఒకరుంటుంది. అందరూ "మామీ" అంటారు. ఆవిడకి వేరే పేరు లేదు. నవలలోనూ లేదు, సినిమాలోనూ లేదు. వెయ్యి పేజీల నవలలో గుర్రాలకి పేర్లున్నాయి! ఆ వేషం వేసింది హాటీ మెక్‌డానియల్. ఆమె తండ్రి బానిసగా పుట్టి, అదే అంతర్యుద్ధంలో బానిసత్వానికి వ్యతిరేకంగా ఉత్తరాది సైన్యంలో పోరాడిన మనిషి. ఆయన కూతురు దొరలని కళ్ళల్లో పెట్టుకుని చూసుకునే బానిస వేషం కట్టింది. కట్టడమంటే అలా ఇలా కాదు, తెర మీద ఉన్నంతసేపూ మన కళ్ళు ఇంకొకరి మీదికి పోవు.

1939 డిసెంబరు 15న అట్లాంటాలో మొదటి ప్రదర్శన జరిగింది. ఊరంతా పండగే. హాటీ మాత్రం వెళ్ళలేదు. ఆ రాష్ట్రపు చట్టాల ప్రకారం నల్లవాళ్ళు తెల్లవాళ్ళ పక్కన కూర్చోకూడదు. 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్లిచ్చారు. సహాయ నటిగా హాటీకి వచ్చింది. నల్లజాతివాళ్ళలో ఆ బహుమతి అందుకున్న మొట్టమొదటి మనిషి ఆమే. కాని ఆ హోటల్లో నల్లవాళ్ళకి ప్రవేశం లేదు. నిర్మాత ప్రత్యేకంగా అడిగితే రానిచ్చారు. తన సినిమావాళ్ళంతా ఒక బల్ల దగ్గర, ఆవిడ దూరంగా గోడవార చిన్న బల్ల దగ్గర. వేషానికి తగింది. పంక్తికి తగలేదు. ఇంకొక నల్లజాతి నటి ఆస్కారు అందుకోవడానికి 1991 దాకా పట్టింది.

ఇంతా అయితే, సొంత జాతి పెద్దలు కొందరు ఆవిడనే తప్పుపట్టారు. "నువ్వెంత బాగా నటిస్తే ఆ అబద్ధం అంత నిజమనిపిస్తుంది. బానిసలు సుఖంగా ఉన్నారని లోకం నమ్ముతుంది" అన్నది వాళ్ళ వాదన. పనిమనిషిగా బతకడం కన్నా పనిమనిషి వేషం వేసుకుని బతకడం నయం కాదా అన్నది ఆవిడ జవాబు. సినిమాల్లోకి రాకముందు ఆవిడ చేసిన పనులవీ, ఇళ్ళల్లో పాచిపనీ, క్లబ్బులో ఊడిగం. తెలిసి అన్న మాటే.

అదే సినిమాలో ప్రిస్సీ అనే పనిపిల్ల వేషం బటర్‌ఫ్లై మెక్వీన్ వేసింది. బొత్తిగా తెలివిలేని పిల్లగా కనబడాలి. ఆమెకది రోతగా ఉండేది. కొన్నేళ్ళకి, ఇలాంటి వేషాలు ఇక వెయ్యనని మానేసింది. మానేస్తే ఏం పెట్టారు? ఏమీ లేదు. చిన్నా చితకా ఉద్యోగాలు చేసుకుంది. 1975లో 64వ ఏట కాలేజీ డిగ్రీ తీసుకుంది.

ఇద్దరిలో ఎవరు చేసింది ధర్మం? నాకు చాలారోజులు ఈ ప్రశ్న తెగలేదు. విమర్శించినవాళ్ళ మాటలో సత్యం ఉంది. బానిసత్వాన్ని ఆ సినిమా తియ్యటి జ్ఞాపకంలా చూపించిన మాట నిజం. 2020లో ఒక అమెరికన్ సంస్థ దాన్ని కొన్నాళ్ళు ఆపి, చరిత్ర వివరించే పరిచయం ముందు చేర్చి మళ్ళీ చూపించింది కూడా అందుకే. కాని సత్యమున్న మాట తగలవలసినచోట తగలాలి కదా! వద్దంటే ఇంకో తలుపు తెరిచి ఉన్నవాడిని "ఎందుకు ఒప్పుకున్నావు" అని నిలదీయవచ్చు. లెస్లీ హోవర్డ్‌కి పది తలుపులున్నాయి. హాటీకి ఉన్నది ఒక్కటే తలుపు, దాని మీద "పనిమనిషి" అని రాసి ఉంది. ఆ తలుపులోంచి వచ్చిందని ఆవిడని తిట్టేముందు, ఆ గోడకి ఇంకో తలుపు పెట్టనివాళ్ళని కదా అడగాలి. పేరు లేని మనిషిని రాసిన రచయిత్రినీ, ఆ రాత మీద లక్షలు గడించిన కంపెనీలనీ, హాయిగా చూసి కళ్ళు తుడుచుకున్న ప్రేక్షకుల్నీ కదా అడగాలి.

మెక్వీన్ మానేసింది కనుక గొప్పది, హాటీ మానలేదు కనుక తక్కువది అనుకోవడమూ పొరపాటే. ఒకరు వేషాన్ని వదిలి తన్ను నిలబెట్టుకున్నారు. ఒకరు ఆ వేషంలోనే నిలబడి, పేరివ్వని పాత్రకి తన పేరిచ్చారు. త్యాగం చెయ్యలేదేమని ఇంకొకరిని అడిగే హక్కు, ఆ త్యాగం ఖరీదులో పాలు పంచుకున్నవాళ్ళకే ఉంటుంది.

ఎక్కడి అమెరికా, ఎప్పటి సినిమా అంటారేమో. మన ఇళ్ళల్లో మాత్రం వేషాలు పంచమా ఏమిటి? ఈ పిల్ల చదువుకి, ఈ పిల్ల వంటకి. వీడు తెలివైనవాడు, వాడు అమాయకుడు. పెద్దకోడలంటే సర్దుకుపోయే మనిషి, పెళ్ళికాని అత్తయ్య అంటే పురుళ్ళకీ పుణ్యాలకీ చాకిరీ చేసే మనిషి. పదేళ్ళ వయసులో తగిలించిన వేషం అరవై ఏళ్ళొచ్చినా విప్పనివ్వం. పైగా ఆవిడ ఆ వేషం బాగా కడితే "ఆవిడకి అదే ఇష్టమండీ, పుట్టుకే అంత" అని మెచ్చుకుంటాం కూడాను. బాగా చేసినంత మాత్రాన ఇష్టంగా చేసినట్టు కాదని హాటీ మెక్‌డానియల్‌ని చూశాకైనా తెలియాలి.

కనక ఈసారి ఎవరినైనా చూసి "ఆ పనికి ఆవిడే తగినది" అనబోయే ముందు, రెండో ప్రశ్న కూడా ఒకసారి వేసి చూడండి. ఆవిడకి ఆ పని తగిందా? జవాబు మనం ఊహించి చెప్పుకోవడం కాదు, ఆవిడనే అడగాలి. అడిగాక కాస్త ఓపిగ్గా ఆగాలి కూడా. ఇన్నేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న కదా, చటుక్కున జవాబు రాకపోవచ్చు.