మొక్క తలుపు ఎంతసేపు మూస్తుంది?

దేశం కాని దేశంలో పిల్లల్ని పెంచుకుంటున్న మన ఇళ్ళలో పండుగ వచ్చిందంటే ఒక చర్చ తప్పదు. బయటి గాలిని ఇంట్లోకి ఎంతవరకు రానివ్వాలి? తలుపులు బిగించమనేవారు కొందరు, బార్లా తెరవమనేవారు కొందరు. ఈ ప్రశ్న మనకన్నా ముందు మొక్కకు ఎదురైంది.

మొక్క పారిపోలేదు. మన తెల్ల రక్తకణాల్లాగా ఒళ్ళంతా తిరిగి కాపలా కాసేవీ దానికి లేవు. అందుకని ప్రతి కణమూ తన కాపలా తానే చూసుకుంటుంది. ఆకు మీద కంటికి కనిపించని పత్రరంధ్రాలుంటాయి. ఆహారం తయారీకి కావలసిన గాలి వచ్చేది అందులోంచే, తెగులు తెచ్చే బాక్టీరియా దూరేదీ అందులోంచే. బాక్టీరియా ఆనవాలు తగలగానే ఈ రంధ్రాలు గంట, రెండు గంటల్లో మూసుకుంటాయని 2006లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు చూపించారు. గడుసు బాక్టీరియా కొన్ని, మొక్క సొంత హార్మోనును పోలిన రసాయనం వదిలి మళ్ళీ తెరిపించుకుంటాయట!

అలాంటప్పుడు ఎప్పటికీ మూసే ఉంచుకోవచ్చు కదా అంటే, మొక్క ఆకలితో చస్తుంది. రక్షణ నిరంతరం మేలుకుని ఉండేలా జన్యువు మారిన మొక్కల్ని ప్రయోగశాలల్లో పెంచి చూశారు. వాటిలో చాలావాటికి తెగుళ్ళు అంత తేలిగ్గా అంటలేదు గానీ, గిడసబారిపోయాయి.

ఇంకో సంగతి. మనం పప్పు వండుకునే కంది, పెసర మొక్కల వేళ్ళకు బుడిపెలుంటాయి. వాటిలో కాపురముండేవి బయటి నేలలోంచి వచ్చిన బాక్టీరియాయే. వేరు ఒక రసాయనంతో పలకరిస్తుంది, బాక్టీరియా మరో రసాయనంతో బదులిస్తుంది. బదులు సరిపోతేనే లోపలికి ప్రవేశం. మొక్క చక్కెర పెడుతుంది, బాక్టీరియా గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చి ఇస్తుంది. మనమూ ఈ నేలకు బయటి నుంచి వచ్చినవాళ్ళమే కదా!

పోలికను మరీ సాగదీయకూడదు. పక్కింటి పిల్లవాడు తెగులు కాదు, వాడి భాష అసలే కాదు. అయితే స్నేహితురాలి ఇంట్లో ఒక రాత్రి ఉంటానని మన అమ్మాయి అడిగితే, వద్దనే ముందు ఆ ఇంటివాళ్ళను ఒక్కసారైనా పలకరించామా? ఈ ఉగాదికి వాళ్ళనే భోజనానికి పిలవవచ్చు. పచ్చడిలో ఆ చేదేమిటని వాళ్ళు మొహం చిట్లిస్తే, వేపచెట్టు చీడపీడల నుంచి తనను కాచుకునేది ఆ చేదుతోనేనని మన అమ్మాయే చెబుతుంది.