మొత్తం సరిపోయిన ప్యాకు

పులివెందుల ఇంజనీరింగ్ కాలేజీలో ముగ్గురు ఒక జట్టయ్యారు. ఒకడిది ప్రొద్దుటూరు, నాయనకు బంగారు అంగడి. ఇంకొకడిది జమ్మలమడుగు పక్క పల్లె, ఇంట్లో శనగ వేసే నల్లరేగడి చేను ఉంది. మూడో ఆమె పులివెందుల వైపు చీనీ తోటలో పెరిగిన పిల్ల. ముగ్గురూ కలిసి థర్మాకోల్ రెక్కలతో రిమోటు విమానం కట్టి, కాలేజీ వేడుకలో అందరి ముందూ ఎగరేయాలనుకున్నారు.

ప్రొద్దుటూరు పిల్లోడు డబ్బు పెట్టాడు. మోటారు, రిమోటు, ఛార్జరు, 2200 మిల్లీ ఆంపియర్ అవర్ల లిథియం పాలిమర్ ప్యాకు ఒకటి కొన్నాడు. తోట పిల్ల రెక్కల కొలతలు గీసింది, బరువుల లెక్క వేసింది. మిగిలిన పని జమ్మలమడుగు పిల్లోడిది. మిగిలిన పనంటే దాదాపు పనంతా. ముద్దనూరు మీదుగా బస్సులు మారి సామాను తేవడం, రాత్రిళ్లు కూర్చుని అతికించడం, విరిగింది మళ్లీ కట్టడం, రికార్డు రాయడం, అన్నీ అతనే చేశాడు. చేయగలవా అని ఎవరూ అడగలేదు. చేయలేనని చెప్పడం అతనికి చేతకాదు.

వాళ్ల ప్యాకులో మూడు సెల్లులు వరుసగా ఉంటాయి. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు, మూడూ కలిపి 12.6. ఏ సెల్లూ 3 వోల్టుల కిందికి జారకూడదు. ప్యాకుకు రెండు లావు తీగలు కాక నాలుగు సన్న తీగల తెల్ల కనెక్టరు కూడా ఉంటుంది. దాన్ని ఛార్జరుకు తగిలిస్తే ఛార్జరు ఒక్కో సెల్లునూ విడిగా కొలుస్తుంది. ముందు నిండిన సెల్లు దగ్గర కాస్త కరెంటు పక్కకు మళ్లించి, వెనకబడినవి అందుకునేదాకా ఆగుతుంది. ఆ ఆగడం వల్లనే ఛార్జింగు ఆలస్యమవుతుంది.

వేడుక దగ్గరపడింది. "ఇది గంట పైన తింటాంది, ఆ తెల్లది తీసేయ్" అన్నాడు ప్రొద్దుటూరు పిల్లోడు. ఇక అప్పటి నుంచి లావు తీగలే తగిలించి, 2.2 ఆంపియర్లు పెట్టాల్సిన చోట 4.4 పెట్టి ఎక్కించారు. మీటరు 12.6 చూపగానే తీసి, వేడి తగ్గకముందే విమానంలో పెట్టేవాళ్లు. శనగ కోసేసిన చేలో మొదట్లో బాగానే ఎగిరింది. తర్వాత ఎగిరే సమయం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. ఒక సాయంత్రం మోటారు గాలిలోనే ఆగిపోయి విమానం గట్టు మీద ముక్కుతో గుద్దుకుంది. అప్పుడు రిమోటు జమ్మలమడుగు పిల్లోడి చేతిలో ఉంది. "దించడం రాదా నీకు?" అని ఇద్దరూ అతని మీద పడ్డారు. అతను ముక్కలు ఏరుకుని, ఆ రాత్రే మళ్లీ అతికించాడు.

మర్నాడు పొద్దున ఛార్జి చేస్తే ప్యాకు దిండులా ఉబ్బింది. మీటరులో మాత్రం 12.6 ఉంది. ప్రొద్దుటూరులో లారీ బ్యాటరీలకు ఛార్జింగు పెట్టే ముసలి మేస్త్రి ఉన్నాడని విని, ముగ్గురూ అక్కడికి పోయారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి సిమెంటు, కడప బండలు మోసే లారీల బ్యాటరీలు చూసి చూసి తల నెరిసిన మనిషి.

ఆయన ప్యాకును చూడగానే లేచి నిలబడ్డాడు. "దీనికి ఇంగ కరెంటు చూపించేది లేదు. ముందు దాన్ని బయటికి తీయండి" అని, ఇసుక పోసిన ఇనుప బొచ్చెలో దూరంగా పెట్టించాడు.

"తాతా, 12.6 ఉంది. ఫుల్లుగా ఉన్నట్టే గదా. మరెందుకు ఉబ్బింది?" అన్నాడు ప్రొద్దుటూరు పిల్లోడు.

"మొత్తం ఎంతని నేనడగలా నాయనా. ఒగొగటి చూసినారా?"

ఎవరూ చూడలేదు. ఆయన మీటరు తెచ్చి, తెల్ల కనెక్టరులో సూదులు ఆనించి చదివాడు. మొదటిది 4.12. చివరిది 4.13. నడిమిది 4.35.

"లారీ బ్యాటరీకి ఆరు మూతలు ఉండేవి. ఆరూ ఇప్పి, ఒగొగ దాంట్లో హైడ్రోమీటరు ముంచి చూసేవాళ్లం. ఐదు బాగుండి ఒగటి చచ్చినా లారీ కదలదు. ఓనరేమో, బ్యాటరీలో వోల్టేజీ ఉంది గదా అని మాతో కొట్లాడేటోడు. మీ లిథియం సంగతి నాకు తెల్దు. గానీ అరలున్న ఏ బ్యాటరీనైనా అరా అరా చూడాల్సిందే."

తోట పిల్ల కాగితం తీసింది. అందరికంటే ముందు ఆమెకే అర్థమైంది. "నడిమి సెల్లుకు రెండు పక్కలా వేడి తగుల్తాది. అది ముందు అరిగి చిన్నదైపోయింది. మా తోటలో చిన్న పాదుకూ పెద్ద పాదుకూ ఒకే లెక్కన నీళ్లు వదిల్తే చిన్నదే ముందు పొంగుతాది. ఎండకు చిన్నదే ముందు ఎండుతాది. తాతా, మా మోటారు 9.9 దగ్గర ఆగేటట్టు పెట్టుకున్నాం, సెల్లుకు 3.3 లెక్కన. పక్కవి రెండూ 3.6 దగ్గర ఉంటే నడిమిది 2.7కు పడిపోయినా మొత్తం 9.9 అవుతాది!"

"అంటే ఎక్కించేటప్పుడు దాని మీదే ఎక్కువ పోసినారు. దించేటప్పుడూ దాన్నే పిండినారు" అన్నాడు మేస్త్రి. అంటూ జమ్మలమడుగు పిల్లోడి వైపు చూశాడు. అతని వేళ్ల నిండా జిగురు ఎండిపోయి ఉంది. నిలబడే తూగుతున్నాడు. "ఈ పిల్లోడు నిద్రపోయి ఎన్నాళ్లయింది సామీ?"

ఆ మాటకు మిగతా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. బస్టాండుకు నడిచేటప్పుడు ప్రొద్దుటూరు పిల్లోడు సామాను సంచి తన భుజానికి తగిలించుకున్నాడు. రికార్డు పుస్తకం తోట పిల్ల తీసుకుంది. ఆ ఏడు వేడుకలో వాళ్ల విమానం ఎగరలేదు. కొత్త ప్యాకు వచ్చాక తెల్ల కనెక్టరు తగిలించకుండా ఒక్కసారి కూడా ఛార్జి చేయలేదు.

నీతి

మొత్తం సరిపోయినంత మాత్రాన అందరూ బాగున్నట్టు కాదు. మొత్తాన్నే చూసి నడిపే చోట బలహీనుడికి రెండు వైపులా దెబ్బ తగులుతుంది: పోసేటప్పుడు మోయలేనంత మీద పడుతుంది, పిండేటప్పుడు మొదట అతనే ఎండిపోతాడు.

ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది విమానం పడటం కాదు, తప్పు ఎవరి మీదికి పోయిందన్నది. నడిమి సెల్లు చెడ్డదేమీ కాదు. కొన్ననాడు అదీ మిగతా రెండింటిలాంటిదే. దాన్ని ఉంచిన చోటే అలాంటిది, వేడి ఎక్కువ, గాలి తక్కువ. ఇళ్లలో, జట్లలో, కచేరీల్లో వెనకబడినవాళ్లను సోమరులనే ముందు వాళ్లను ఏ చోట కూర్చోబెట్టామో చూడటం న్యాయం. వాన లెక్కలోనూ ఇంతే. కడప జిల్లా వర్షపాతం ఏడాదికి సగటున సుమారు 700 మిల్లీమీటర్లంటారు. అనంతపురానికి ఆనుకున్న పడమటి మండలాలకు దక్కేది ఆ సగటు కంటే తక్కువే. సగటు చూసి విత్తనం వేసిన పడమటి రైతును తెలివితక్కువవాడనడం నాకు ఒప్పుకోలు కాదు.

బ్యాటరీలు చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ అమ్మకానికి తెచ్చింది. దానికి దారి వేసిన గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇన్నేళ్లలో శక్తి ఎంత పెరిగినా ప్రతి సెల్లును విడిగా కాపలా కాయాల్సిన అవసరం మాత్రం తీరలేదు. విద్యుత్ స్కూటరు బ్యాటరీలో ఆ కాపలాకే ఒక సర్క్యూటు ఉంటుంది. 2022లో మన దేశంలో స్కూటర్లు వరుసగా తగలబడ్డాక కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కట్టుదిట్టం చేసింది. పిల్లల విమానాల ప్యాకుల్లో ఆ సర్క్యూటు సాధారణంగా ఉండదు. అక్కడ కాపలా కాయాల్సింది ఛార్జరు, దాని పక్కన కూర్చున్న మనిషి.

ఇప్పుడీ ప్యాకులు పిల్లల చేతుల్లోంచి పొలాల్లోకి వచ్చాయి. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చేందుకు కేంద్రం పథకం పెట్టింది. మందు కొట్టే డ్రోన్ల ప్యాకుల్లో పన్నెండు సెల్లులు వరుసగా ఉండటం మామూలే. అంటే మొత్తం చాటున దాగడానికి పన్నెండు చోట్లు. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. దిగిన ప్యాకును అలాగే ఛార్జింగుకు పెట్టకుండా, చెట్టు కిందో వసారాలోనో చల్లారనివ్వాలి. ఛార్జి ఎక్కుతున్నంతసేపూ ఎవరో ఒకరు దగ్గరుండాలి. వారం పాటు వాడేది లేకపోతే నిండుగా ఉంచకుండా సెల్లుకు 3.8 దగ్గర ఆపి దాచాలి. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జి చేయకూడదు.

సంఘాలకు ఇంకొక్క మాట చెప్పాలని ఉంది. పన్నెండు సెల్లుల వోల్టులూ ప్రతిసారీ ఒక పుస్తకంలో రాయండి, ఒక్కటి తేడాగా కనిపించిన రోజే ప్యాకును పక్కన పెట్టండి. ఆ పక్కనే, ఆ రోజు బరువు ఎవరు మోశారు, ఎండలో ఎవరు ఎంతసేపు నిలబడ్డారు, ఎవరికి ఎంత కూలి ముట్టింది అన్నదీ పేరు పేరునా రాయండి. నెలాఖరు సమావేశంలో డబ్బు లెక్క చదివే ముందు ఆ పేజీ చదవండి.