ఔర్వుడి నిప్పు ఎవరిది?

అల్లాదుర్గ్‌కు సముద్రం ఎక్కడో దూరాన. మెదక్ జిల్లాలోని ఆ ఊరి చుట్టుపక్కల వాళ్ళకు పెద్ద నీరంటే మంజీర నదే. అయినా 2025 ఆగస్టు చివర మెదక్, కామారెడ్డి జిల్లాలను ముంచెత్తిన వాన బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం వెంట వచ్చిందే. ఏడుపాయల వనదుర్గమ్మ గుడి మంజీర వరదలో చిక్కుకుంది. ఒక్క వానను పట్టుకుని వాతావరణ మార్పు మీద నేరం మోపడం తొందరపాటే. అసలు లెక్క సముద్రం లోతుల్లో ఉంది.

బొగ్గు, చమురు కాల్చడం వల్ల భూమి మీద పేరుకున్న అదనపు వేడిలో సుమారు 90 శాతం సముద్రమే మింగింది. దాన్ని కొలిచే ఆర్గో పరికరాలు వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ దారి పొడవునా వేడినీ ఉప్పదనాన్నీ నమోదు చేస్తాయి. హిందూ మహాసముద్రం నుంచి వచ్చే ఆ లెక్కలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు చేరతాయి. సముద్రం లేని ఊళ్ళో సముద్రపు జాతకం!

బంగాళాఖాతం తీరే వేరు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద తేలికగా పరుచుకుంటుంది. అందులో మంజీర వాటా కూడా ఉంది. ఆ పొర కింద వేడి దాక్కుంటుంది. తుపాను ఎంత కలియబెట్టినా అడుగు చల్లదనం తేలిగ్గా పైకి రాదు, తుపాను బలమూ అంతగా తగ్గదు. మిగతా సముద్రాల్లోనూ పైపొర వేడెక్కేకొద్దీ పైనీరు, లోతునీరు కలవడం తగ్గుతోంది. లోతుకు ప్రాణవాయువు సరిగా అందడం లేదు.

చేసినవాడే ఫలం అనుభవించాలనే కర్మ సిద్ధాంతానికి ఈ దాగిన వేడి దగ్గరే చిక్కొచ్చి పడింది. కూడబెట్టిన సంచితమంతా ఒక్కసారే అనుభవానికి రాదన్న మాట ఈ వేడికి చక్కగా అతుకుతుంది. రేపే పొగ ఆపినా లోతుకు చేరిన వేడి శతాబ్దాల పాటు ఉంటుంది. కానీ ఆ సిద్ధాంతం ప్రకారం సంచితం చేసినవాడినే అంటుకుని ఉండాలి. ఏ దేశపు పొగగొట్టాల ఫలమో మెదక్ పత్తిరైతుకు బదిలీ అయితే, పూర్వజన్మ పాపమని అతనికి సర్దిచెప్పడం అన్యాయం.

మహాభారతం ఆదిపర్వంలోని ఔర్వుడి కథ దీనికి దగ్గరగా వస్తుంది. తన భృగువంశాన్ని చంపినవాళ్ళ మీది కోపంతో లోకాలనే కాలుస్తానని అతడు ప్రతిజ్ఞ చేశాడు. పితృదేవతలు అడ్డుపడి ఆ నిప్పును సముద్రంలో వదలమన్నారు. అదే బడబాగ్ని. ప్రతిజ్ఞ తప్పుతుందే అన్న అతని సందేహానికి వాళ్ళిచ్చిన సమాధానం గమనించదగ్గది: లోకాలన్నీ నీళ్ళలోనే ఉన్నాయి, నీళ్ళను కాలిస్తే లోకాలను కాల్చినట్టే. ఆ నిప్పు ఎవరిదో పితృదేవతలకు తెలుసు కాబట్టి నేరుగా అతన్నే అడిగారు.