తుప్పు మీది రంగు

1980లో అశోక్ లేలాండ్ కర్మాగారము వెలసిన హోసూరు నుండి కృష్ణగిరి వరకు వర్తకునికి లారీయే కాలుసేతులు. పాత లారీని అమ్మబోవునపుడు ఒక ధర్మసందేహము కలుగును: ఛాసిస్ తుప్పు తిన్నచోట లప్పము పెట్టి రంగు వేసి, అడుగనిది చెప్పకున్న దోషమేమి?

బరువంతయు మోయునది ఛాసిస్. రంగు క్రింద తేమ చిక్కినచో తుప్పు లోలోన పెరుగును. ఒకనాడది విరిగిన పోవునది డ్రైవరు ప్రాణము. నకిలీని అసలుగా చూపి అమ్ముటను, అనగా ప్రతిరూపక వ్యవహారమును, తత్త్వార్థసూత్రము అచౌర్యవ్రతమునకు అతిచారముగా చెప్పినది. కావున ఈ మౌనము అసత్యమే కాదు. చౌర్యమునకు, హింసకు కూడ త్రోవ.

మరి చేయదగినదేమి? పుచ్చిన ఇనుమును కోసివేసి, గట్టి ఇనుము కనబడువరకు గీకి, తగిన మందముగల ఉక్కును వెల్డింగు చేయించి, రెడ్ ఆక్సైడ్ పూయవలెను. పాతది రాల్చుట నిర్జర వంటిది. క్రొత్తది చేరనీయని పూత సంవరము వంటిది. రెండును కావలయును. అంత ఖర్చునకు శక్తి చాలనివాడు ఉన్నది ఉన్నట్లు చెప్పి, ధర తగ్గించి అమ్మవలెను. తగ్గినది లాభము, నిలిచినది వ్రతము.