పండుటాకు పెట్టిన అన్నం

మన ఇళ్ళల్లో ప్రేమకి కొలత గరిటె. విస్తరి ముందు కూర్చున్న మనిషి రెండు చేతులూ అడ్డం పెట్టి "చాలు, చాలు" అంటున్నా, వేళ్ళ సందుల్లోంచి ఇంకో గరిటెడు పప్పు జారిస్తేగానీ మనకి తృప్తి ఉండదు. ఎక్కువ పెట్టినవాళ్ళకి ఎక్కువ ప్రేమ ఉన్నట్టు లెక్క. ఈ లెక్క మీద నాకు అనుమానం కలిగించింది ఎవరనుకున్నారు? వేదాంతులు కారు. మా హాల్లో ఉన్న చేపల తొట్టె!

శ్రీశైలం రోడ్డు మీద ఉన్న మా తుక్కుగూడ ఒకప్పుడు పల్లెటూరు. 2008లో శంషాబాదులో విమానాశ్రయం తెరిచాక, దానికి తోడు ఔటర్ రింగు రోడ్డు కూడా వచ్చాక, చుట్టుపక్కల పొలాలు ఒక్కొక్కటే ప్లాట్లయిపోయాయి. బయట పచ్చదనం తగ్గేకొద్దీ మనిషికి ఇంట్లో పచ్చదనం మీద మోజు పెరుగుతుంది కాబోలు. మా అమ్మాయి ప్లాస్టిక్ మొక్కలు తీసేసి, తొట్టెలో నిజం మొక్కలు నాటింది. నిజం మొక్కలన్నాక వాటికీ ఆకలి ఉంటుంది కదా!

ఆ ఆకలి తీరే పద్ధతి చిత్రంగా ఉంటుంది. చేపల రెట్టలోంచి అమ్మోనియా పుడుతుంది. కంటికి కనబడని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగానూ, తరవాత నైట్రేటుగానూ మారుస్తాయి. చేపకి విషమైనది అలా మొక్కకి అన్నమవుతుంది. అయితే ఆ అన్నంలో అన్నీ ఉండవు. నత్రజని, భాస్వరం ఉన్నా పొటాషియం, ఇనుము చాలకపోవచ్చు. సీసాల్లో అమ్మే ఎరువులు ఆ లోటు కోసమే.

సరే, చాలకపోతే ఇంకో రెండు మూతలు పోస్తే పోలా? పోదు. పంతొమ్మిదో శతాబ్దంలో లీబిగ్ అనే జర్మనీ రసాయన శాస్త్రవేత్త ఒక సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అన్నిటికన్నా తక్కువైనది ఏదో, ఎదుగుదల దాని దగ్గరే ఆగిపోతుందని. మనకిది కొత్తేమీ కాదు. పులుసులో ఉప్పు తగ్గితే ఇంకో నిమ్మకాయంత చింతపండు పిసికి బాగుచేస్తామా? లేనిది వెయ్యాలిగానీ, ఉన్నదే మళ్ళీ వేస్తే ఏం లాభం?

పైగా మిగిలినది ఊరికే ఉండదు. వెలుతురు కూడా తోడైతే పిలవని పేరంటానికి పాచి వచ్చి కూర్చుంటుంది. హైదరాబాదు చెరువుల మీద పరుచుకునే గుర్రపుడెక్క చూశారుగా! దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్కని మేపుతున్నది మన మురుగునీళ్ళే. ఎరువు ధారాళంగా వేసే పద్ధతి కూడా ఒకటి ఉందిట. కానీ వాళ్ళూ వారానికోసారి సగం నీళ్ళు తీసేసి కొత్తవి పోస్తారు. ఎక్కువ పెట్టేవాళ్ళకి తీసెయ్యడం కూడా తెలియాలన్నమాట.

అసలు నన్ను ఆలోచనలో పడేసింది ఇదేదీ కాదు, ఆకులు. నత్రజని చాలనప్పుడు మొదట పసుపు పచ్చబడేది చిగురు కాదు, ముదురాకు. తనలో ఉన్న నత్రజనిని పైకి, చిగురుకి పంపించేసి తాను పండిపోతుంది. పండుటాకుని చూసి పచ్చాకు నవ్విందని సామెత. నవ్వే ఆ పచ్చాకు ఒంటి మీద పచ్చదనం ఆ పండుటాకు పెట్టినదే!

ఈ మాట చెబితే మా పక్కింటి పిన్నిగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఆడదాని బతుకే అంతమ్మా. ఇచ్చేసి రాలిపోవడమే" అన్నారు. నేనొప్పుకోలేదు.

వయసు మీరి ఒకటీ అరా ఆకు పండితే అది ప్రకృతి. కింది ఆకులన్నీ ఒక్కసారే పండితే మాత్రం అది ఆకలి. దానికి త్యాగమని పేరు పెట్టి దణ్ణం పెట్టడం తేలిక. తొట్టెలో ఏం తగ్గిందో వెతకడం కష్టం. మన ఇళ్ళల్లో జరుగుతున్నది ఆ తేలిక పనే. అందరూ తిన్నాక గిన్నె అడుగు గీక్కుని తినే అమ్మని "దేవత" అంటారు. గిన్నెలో ఎంత మిగిలిందో వంగి చూసేవారెవరు?

ఇంకో సంగతి. ఇనుము నత్రజనిలా కదలదు. ఒకసారి ఆకులో చేరిందంటే దాదాపుగా అక్కడే ఉండిపోతుంది. అది తగ్గితే ఈనెలు పచ్చగానే ఉండి చిగురు పాలిపోతుంది. ముదురాకు ఎంత ఇవ్వాలనుకున్నా ఇవ్వలేదు. తల్లి తన ప్రాణం ధారపోసినా తీరని లోట్లు పిల్లలకి ఉంటాయి. అవి బయటినుంచి, బడి నుంచో, స్నేహం నుంచో, ఊరి నుంచో రావాలి. అది తల్లి లోపం కాదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడం రాని మొక్క ఆకు రంగుతో చెబుతుంది. అడగడం నేర్పని అమ్మలు అదీ చెప్పరు. అందుకని పెట్టడానికి ముందు చూడటం నేర్చుకోవాలనిపిస్తుంది నాకు. కళకళలాడే చిగురుని చూసి ఇల్లు బాగుందనుకోకండి. ఒక్కసారి కింది ఆకుల రంగు కూడా చూడండి.